వీరుల వెనక ఊరు

సంక్రాంతికి గోదావరి జిల్లాల ఇళ్ళలో తీర్చే బొమ్మల కొలువులో పై మెట్టు దేవుళ్ళదే. మా చూపు మాత్రం కింది మెట్ల మీదే: గంగిరెద్దులవాడు, హరిదాసు, కల్లుగీసేవాడు, వడ్లు దంచే ఆడవాళ్ళు. కొండపల్లి బొమ్మైతే తెల్ల పొణికి కర్రతో చెక్కి, చేతులూ కాళ్ళూ చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. రోకలి పట్టిన చేతి దగ్గర రంగు పెచ్చులూడిందంటే, పిల్లలు దాన్ని కొలువులో ఉండనివ్వలేదన్నమాట!

ఇప్పుడు బల్ల మీద ఫాంటసీ ఆటలాడేవాళ్ళూ త్రీడీ ప్రింటర్‌లో అంగుళమంత కమ్మరినీ, పూటకూళ్ళమ్మనీ తీసి, సన్న కుంచెతో రంగులద్దుతున్నారు. మరి డ్రాగన్ తగలబెట్టడానికైనా ఓ ఊరుండాలిగా. ఈ సంచికలో రెండు రకాల కుంచెలకూ చోటిచ్చాం. కమ్మరి ఏ మెట్టు మీద కూర్చోవాలో మాత్రం మీరే తేల్చి ఉత్తరం రాయండి.