దోషమెచ్చట నున్నది?

యంత్రము చెడినపుడు మనుష్యుని ఓర్పునకు పరీక్ష వచ్చును. ఇంటి కంప్యూటరులో వీడియో నడుమ నిలిచిపోయినను, తెర రంగు మాఱినను, పెక్కుమంది తోచిన మీటలన్నియు నొక్కుదురు. అదియు ఫలింపనిచో డిస్కును తుడిచివేసి సర్వమును క్రొత్తగా నెక్కింతురు. ఆ తొందరలో ఏండ్ల తరబడి దాచుకొన్న కుటుంబపు ఛాయాచిత్రములు నశించినచో వాని నెవ్వరు తిరిగి తేగలరు? దోషమునెఱుగక చికిత్సకు పూనుట దోషముకంటెను హానికరము.

బొమ్మ తెరకు వచ్చు మార్గమును మొదట తెలిసికొనవలెను. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుగల తెరపై మొత్తము 20,73,600 చుక్కలుండును. చుక్కకు మూడు బైట్ల చొప్పున సెకనుకు 30 బొమ్మలు చూపుటకు 18 కోట్ల 66 లక్షల బైట్లు కావలయును. ఇంత భారమును దాచుట కష్టము గావున వీడియోను కుదించి భద్రపఱతురు. కుదించి మరల విప్పు విధానమునకు కోడెక్ అని పేరు. 2003లో వెలువడిన హెచ్.264, 2013లో వెలువడిన హెచ్.265 ఇట్టివి. పాత కంప్యూటరు క్రొత్త విధానమును వేగముగా విప్పలేనపుడు ధ్వని సాగును, బొమ్మ వెనుకబడును.

ఫైలు, ప్లేయరు, గ్రాఫిక్స్ డ్రైవరు, కేబులు, మానిటరు అను నీ అయిదును ఒక గొలుసులోని లంకెలు. ముఖ్యమైన ఫైళ్లకు వేఱొక డిస్కులో ప్రతులు చేసికొని, పిదప ఒక్కొక్క లంకెనే పరీక్షింపవలెను. వేఱొక వీడియో చక్కగా నడచినచో చిక్కు మొదటి ఫైలుది. అదే ఫైలు వేఱొక ప్లేయరులో నడచినచో లోపము మొదటి ప్లేయరుది. ఏ వీడియోయు ఏ ప్లేయరులోను సరిగా నడువనిచో డ్రైవరును శంకింపవలెను. తెరయంతయు రంగు మాఱినచో స్క్రీన్‌షాట్ తీసి వేఱొక యంత్రమున చూడవలెను. అందును దోషము కనబడినచో అది కంప్యూటరులోనిది. కనబడనిచో చాలవఱకు కేబులుదో మానిటరుదో యగును. పాత వీజీఏ కేబులులో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము వేర్వేఱు తీగలపై వచ్చును. ఎఱుపు తీగ సడలినచో తెల్లని పుట నీలాకుపచ్చగా మాఱును. అట్టియెడ కంప్యూటరును నిందించుట అత్తమీది కోపము దుత్తమీద చూపుటయే.

రెండు మార్పులు ఒకేసారి చేసినవాడు, దోషము తొలగినను, దేనిచే తొలగెనో యెఱుగడు. మఱునాడది తిరిగివచ్చినచో అతని శ్రమ మొదటికే వచ్చును.

అందఱును మెకానిక్కులు కాజాలరని కొందఱందురు. నిజమే. విద్యుత్తునందించు పెట్టెను ఇంట విప్పరాదు. పాత గాజుగొట్టపు మానిటరులో స్విచ్చి ఆపిన తరువాతను ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. అచ్చట నేర్పరియే కావలయును. కాని “చెడినది” అని మాత్రము చెప్పువానికంటె, “కేబులు మార్చినను పోలేదు, స్క్రీన్‌షాట్‌లో దోషము లేదు” అని చెప్పగలవానికి కాలమును, ధనమును మిగులును.

విజ్ఞానశాస్త్రము ప్రయోగశాలలోనే నేర్వవలసినది కాదు. ఒక్క మార్పు చేసి, ఫలితమును వ్రాసికొని, ఆ పిమ్మటనే రెండవదానికి పోవు బాలుడు గాని బాలిక గాని ఇంటి బల్లయొద్దనే దానిని అభ్యసించుచున్నట్లు.