ఖోలీ తగాదా యంత్రానికి తెగుతుందా?

కృత్రిమ మేధ వస్తే కోర్టుల్లో వాయిదాలు తగ్గుతాయని మా బ్యాంకు కుర్రాళ్లు సంబరపడుతున్నారు. ఫాక్‌లాండ్ రోడ్ చాల్‌లో పెరిగిన నాకు ఆ సంబరం లేదు.

మన ఖోలీల తగాదాలు ధోబీతలావ్‌లోని స్మాల్ కాజెస్ కోర్టుకు పోతాయి. మహారాష్ట్ర 1999 అద్దె చట్టం ప్రకారం, కిరాయిదారు పోయేనాటికి అతనితో కలిసి ఉంటున్న కుటుంబసభ్యుడికి హక్కు వస్తుంది. కలిసి ఉన్నదెవరు? రసీదులో ఇంటిపేరు ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. పాలమూరు ఉత్తరంలోని ‘చిన్నాయిన’ ఎవరో యంత్రానికేం తెలుసు? పక్క ఖోలీ ముసలమ్మను బోనెక్కించి అడిగితే తేలుతుంది.

తీర్పుల అనువాదానికి సుప్రీంకోర్టు 2019లోనే ‘సువాస్’ సాఫ్ట్‌వేర్ తెచ్చింది. మంచిదే, దానితో నాకు పేచీ లేదు. తీర్పు చెప్పడం వేరు. కేరళ హైకోర్టు 2025 జూలైలో తన కింది కోర్టులకు ఆ పని కృత్రిమ మేధతో చేయరాదని కట్టడి చేసింది. అన్నిచోట్లా ఆ కట్టడి ఉండాలి.

2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక ఆదాయపన్ను ఉత్తర్వును కొట్టేసింది. కంపెనీ చూపిన ఆదాయం 3.09 కోట్లు, అధికారి కట్టిన లెక్క 27.91 కోట్లు. ఆధారంగా చూపిన తీర్పుల్లో మూడు అసలు లేనే లేవు! కృత్రిమ మేధ ఇచ్చినదాన్ని సరిచూసుకోకుండా వాడరాదని కోర్టు హెచ్చరించింది. కామర్స్ చదివినవాణ్ని, వోచరు లేని ఎంట్రీ నేను పాస్ చేయను.

ఆ కంపెనీకి హైకోర్టుకెక్కే స్తోమతుంది. ఖోలీ పోగొట్టుకున్న మనవాడు, తీర్పులో చూపిన కేసు అసలుందో లేదో వెతికించడానికి వకీలుకు ఎంత ఇచ్చుకోగలడు?