తొండియార్‌పేటలో చూడ్డానికేముంది?

ఊరినుంచి చుట్టాలొస్తే మనవాళ్ళు తిప్పే చోట్లు మూడే: మెరీనా, మహాబలిపురం, టీ నగర్ బట్టల కొట్లు. "మా పేటలో ఏముందండీ, దుమ్మూ లారీలూ తప్ప" అని మనమే అనేస్తాం. అది అబద్ధం. మన పిల్లలకి చేటు చేసే అబద్ధం.

జర్మనీలో చదివే పిల్లలు కొలోన్ కెథడ్రల్ ముందు నిలబడి ఫోటో పంపిస్తారు. 1248లో మొదలై 1880లో పూర్తయిందనీ, 157 మీటర్ల ఎత్తనీ గడగడా చెప్తారు. సంతోషమే. మన మెట్రోలో తొండియార్‌పేట పక్క స్టేషనుకి పేరిచ్చిన సర్ త్యాగరాయ ఎవరని వాళ్ళనే అడగండి, తెల్లమొహం వేస్తారు.

పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగు దేవాంగ కుటుంబంలో 1852లో పుట్టారు. 1916లో జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరు. 1920లో మద్రాసు ప్రధాని పదవి ఇస్తామంటే వద్దన్నారు. ఆయన కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగానే బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం మొదలైంది. మనం చీరలు కొనే టీ నగర్‌లో ఆ 'టీ' ఆయనే.

అదే మెట్రోలో ఇంకాస్త ఉత్తరానికి పోతే తిరువొత్తియూరు. త్యాగరాజస్వామి తన శిష్యుడు వీణ కుప్పయ్యర్ ఊరికి వచ్చి, అక్కడి త్రిపురసుందరి అమ్మవారిమీద అయిదు కృతులు కట్టారు. అన్నీ తెలుగే. తమిళ గాయకులు వాటిని తమిళ లిపిలో రాసుకుని భక్తిగా పాడుతున్నారు. మన పిల్లలకి ఆ పాటల మాట అర్థమవుతుంది, పాట ఉన్న సంగతే తెలీదు.

"ఇక్కడ మన గొప్ప చెప్పుకుంటే గొడవలొస్తాయి" అంటారు కొందరు. ఎందుకొస్తాయి? బడిలో అన్నం తిన్నది అన్ని ఇళ్ళ పిల్లలూ. ఊరు మాదే అనడం వేరు, ఊరికి మావాళ్ళూ చేశారనడం వేరు.

"సర్కారు బోర్డు పెట్టాలిగా" అనేది ఇంకో సాకు. ఆ కొలోన్‌లోనే గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో ఒక పని మొదలుపెట్టాడు. నాజీలు బలిగొన్నవాళ్ళ ఇళ్ళముందు, కాలిబాటలో అరచేతంత ఇత్తడి పలక. "ఇక్కడ నివసించారు" అని, కింద పేరు. చాలావాటికి డబ్బిచ్చింది మామూలు జనమే. వాళ్ళ దుఃఖంతో మనకి పోలిక లేదు. పద్ధతి మాత్రం నేర్చుకోవచ్చు.

పలక తరవాత చూద్దాం. ముందు ఈ ఆదివారం పిల్లల్ని మెట్రో ఎక్కించండి. స్టేషన్ల పేర్లు వాళ్ళచేత చదివించి, ఆ పేర్ల వెనకున్న మనుషుల కథ మీరు చెప్పండి. టిక్కెట్టు ఖర్చు తప్ప ఏం పోదు. చెప్పకపోతే మాత్రం, ఇంకో తరానికి అడిగేవాళ్ళూ ఉండరు.