గోడ నెర్రెకు లెక్క చెప్పేదెవరు?

క్వారీ పక్క ఊర్లో భూమి అదిరితే ఎవరూ భూకంపమనుకోరు. మందు పేలిందని పసిపిల్లలకు కూడా తెలుసు. కీసర గుట్టల చుట్టూ బతికేటోళ్లకు ఇది కొత్త కాదు. ఉప్పల్, నాచారం గల్లీల్లో అదే అదురు ఇంకో రూపంలో వస్తుంది. సెల్లార్ కోసం బ్రేకర్ రాయిని కొడుతుంటే పక్కింట్లో గిన్నెలు మోగుతాయి. గోడ నెర్రెలు బారిందని అడిగితే జవాబొక్కటే: 'మీ ఇల్లే పాతది!'

నిజమే, ప్రతి నెర్రె బ్లాస్టింగ్ వల్లే రాదు. పునాది కుంగినా, ఎండకు ఎండినా వస్తుంది. మన ఒంటికి సెకనుకు అర మిల్లీమీటరు కదలిక కూడా తెలుస్తుంది, అంతమాత్రాన గోడ పగలదు. అందుకే కొలవాలంటున్నం. కొలిస్తే ఎవరి తప్పో తేలుతుంది. కొలవకపోతే ఎప్పుడూ ఓడేది ఇల్లుగలాయనే.

కొలతకు లెక్క లేదా? ఉంది. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లోనే సర్క్యులర్ ఇచ్చింది. క్వారీ యజమానివి కాని ఇండ్ల దగ్గర, 8 హెర్ట్జ్ లోపు కంపనమైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటొద్దు. చారిత్రక కట్టడాల దగ్గర 2 మిల్లీమీటర్లే. విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డ కీసరగుట్టకు ఈ రెండో లెక్క వర్తించాలె కదా! అయితే ఆ సర్క్యులర్ గనులకు. బస్తీ నడుమ సెల్లార్ తవ్వే బిల్డర్‌కేది? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు డెసిబెల్స్ లెక్కిస్తాయి గానీ నేల అదురును లెక్కించవు.

మన కాళ్ల కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. గట్టి రాయిలో అదురు దూరం పోతుంది. ఉపాయాలున్నాయి. మందంతా ఒక్కసారి పేల్చకుండా డిలే డిటోనేటర్లతో మిల్లీసెకన్ల తేడాతో పేల్చితే అదురు తగ్గుతుంది. ఇల్లు సగం దూరంలో ఉంటే ఒక్కో విడత మందు నాలుగో వంతుకు తగ్గించాలె. ఇండ్లు ఆనుకొని ఉంటే మందే వద్దు. రంధ్రాల్లో ఉబ్బే రసాయనం పోసి గానీ, హైడ్రాలిక్ స్ప్లిటర్‌తో గానీ రాయిని చీల్చవచ్చు. పునాది పైల్‌ను సుత్తితో దిగ్గొట్టకుండా బోరు వేసి పోయొచ్చు. ఖర్చు కొంత ఎక్కువే. ఆ ఖర్చు బిల్డర్ పెట్టకపోతే పక్కింటోడు పెడుతున్నడు, గోడ మరమ్మతు రూపంలో.

1961లో ఏర్పడ్డ ఎన్జీఆర్ఐ ఉప్పల్ రోడ్డు మీదనే ఉంది. ఎక్కడో భూకంపం వస్తే ఇక్కడ నమోదవుతుంది. దాని పక్క గల్లీలో అదురును కొలిచే దిక్కు లేకపోవడం సిగ్గుచేటు.

అడగాల్సినవి నాలుగు. పని మొదలుకాకముందే చుట్టుపక్కల ఇండ్ల గోడలను ఫోటోలతో నమోదు చేయాలె. కంపన మీటరు పెట్టి రీడింగును సైటు గేటు మీద రాయాలె. పేల్చే టైం ముందుగా చెప్పి సైరన్ మోగించాలె. పరిమితి దాటితే, నష్టం తన పని వల్ల కాదని రుజువు చేసే భారం కాంట్రాక్టర్‌దే కావాలె.

ఉస్మానియాలో జియోఫిజిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మీటరు పట్టుకొని బస్తీకి రావాలె. ఉద్యోగులు తమ కాలనీ సంఘంతో దరఖాస్తు పెట్టించాలె. అభివృద్ధి వద్దని ఎవరూ అనడం లేదు. ఒకరి అపార్ట్‌మెంట్ లేవడానికి ఇంకొకరి గోడ పగలొద్దు అంటున్నం, అంతే.