జాకెట్ లేనిదే పడవ కదలని రేవే మంచి రేవు

చలికాలం రాగానే శీతల దేశాలలో సొంత పడవలున్నవారు చాలామంది వాటిని నీటి నుంచి పైకి తీసి, ఒడ్డున నిలబెట్టి, కప్పి ఉంచుతారు. సరస్సులు గడ్డకట్టే ఆ నెలల్లో వారికి మిగిలే కాలక్షేపం కబుర్లే. ఏ రేవు మంచిది, ఎక్కడ పడవకు రక్షణ ఉంటుంది, వచ్చే వేసవిలో ఎక్కడ లంగరు వేయాలి అని ఒకరితో ఒకరు చెప్పుకొంటారు. మన పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. వరదల ఉధృతి తగ్గి, జలాశయాలు నిండుగా ఉండి, ఎండ తీవ్రత లేని కార్తికం నుంచి మాఘం వరకే మనకు పడవ షికార్ల కాలం. కార్తిక వనభోజనాలు, పాఠశాలల విహారయాత్రలు, సంక్రాంతి సెలవులు అన్నీ ఈ నెలల్లోనే వస్తాయి.

మనవారికీ ఇష్టమైన రేవులున్నాయి. ఒకరు నాగార్జునకొండకు వెళ్ళే లాంచీని మెచ్చుకొంటారు. మరొకరు సోమశిల వద్ద కృష్ణమ్మ అందాన్ని వర్ణిస్తారు. లక్నవరం ద్వీపాలు, విజయవాడ భవానీ ద్వీపం, గండి పోచమ్మ నుంచి పాపికొండలకు సాగే గోదావరి ప్రయాణం, వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి జలాశయంలో యువకులు నడిపే కయాక్‌లు, పిల్లలున్న ఇంటివారికి హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం దగ్గరకు తీసుకుపోయే బోటు. ఏ రేవు అందం దానిదే.

అయితే రేవును మెచ్చుకొనేటప్పుడు మనం దృశ్యం గురించి మాట్లాడుతాం, టికెట్ ధర గురించి మాట్లాడుతాం, భోజనం గురించి కూడా మాట్లాడుతాం. "లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనిస్తారా, ఎక్కనివ్వరా?" అని అడిగేవారు అరుదు. వైద్యునిగా నా అభిప్రాయం ఒక్కటే. జాకెట్ వేసుకోనివారిని ఎంత పెద్దమనిషి అయినా ఒడ్డునే ఆపివేసే రేవే మంచి రేవు. మిగిలిన గుణాలన్నీ దాని తరువాతనే.

మెట్ట ప్రాంతపు వారికి మరింత ప్రమాదం

మా న్యాల్‌కల్ కర్ణాటక సరిహద్దున ఉన్న మెట్ట ప్రాంతం. జొన్న, కంది, శనగ పండే నేల. చలికాలంలో రాష్ట్రంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో కోహీర్‌తో పాటు మా మండలం పేరు కూడా తరచు వినిపిస్తుంది. ఇక్కడ పడవ లేదు, పడవ రేవు లేదు. మరి ఇక్కడి వైద్యుడు పడవల గురించి ఎందుకు వ్రాస్తున్నాడని మీరు అడగవచ్చు. ఇక్కడివారికి పెద్ద నీటితో పరిచయం లేకపోవడమే అందుకు కారణం.

నది ఒడ్డున పుట్టినవాడికి నీరంటే ప్రేమతో పాటు భయం కూడా ఉంటుంది. సుడి ఎక్కడ ఉంటుందో, గాలి ఎటు మళ్ళితే పడవ ఊగుతుందో అతనికి తెలుసు. మెట్ట ప్రాంతంలో పుట్టినవారిలో చాలామంది జీవితంలో మొదటిసారి పడవ ఎక్కేది విహారయాత్రలోనే. బావిలో ఈత నేర్చిన కొద్దిమంది తప్ప తక్కినవారికి ఈత రాదు. స్త్రీలలో ఈత వచ్చినవారు ఇంకా తక్కువ. జహీరాబాద్, నారాయణఖేడ్, వికారాబాద్ వంటి ప్రాంతాల నుంచి బస్సు మాట్లాడుకొని సాగర్‌కో, గోదావరికో వెళ్ళే ప్రతి బృందానికీ ఇది వర్తిస్తుంది. నీటిని ఎరుగని కుటుంబం మొత్తం ఒకే పడవలో కూర్చుంటుంది. ప్రమాదం జరిగితే ఒకరిని ఒకరు కాపాడుకోగలవారు ఆ కుటుంబంలో ఉండరు.

మూడు దుర్ఘటనలు చెప్పే పాఠం

2017 నవంబరు 12, కార్తిక ఆదివారం. విజయవాడ సమీపంలో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్దకు యాత్రికులతో వెళ్తున్న పడవ కృష్ణానదిలో బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. ఆ పడవకు అనుమతి లేదు.

2019 సెప్టెంబరు 15, అదీ ఆదివారమే. గోదావరి వరదతో పోటెత్తుతున్న వేళ పాపికొండలకు బయలుదేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగింది. డెబ్బై మందికి పైగా ఉన్న ఆ బోటు నుంచి 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. లైఫ్ జాకెట్ వల్ల నీటిపై తేలినవారిని కచ్చులూరు గ్రామస్థులు తమ చిన్న పడవలలో వెళ్ళి ఒడ్డుకు చేర్చారు. ఆ గ్రామస్థుల సాహసానికి చేతులెత్తి నమస్కరించాలి. అయితే ఒక సంగతి గమనించండి. రక్షించేవారు చేరేంతవరకు మనిషి తేలుతూ ఉంటేనే వారి సాహసానికి ఫలితం దక్కుతుంది.

2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో హర్ణీ సరస్సుకు పాఠశాల విహారయాత్రగా వెళ్ళిన పిల్లల పడవ మునిగింది. 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించారు. పరిమితికి మించి ఎక్కించిన ఆ పడవలో పిల్లలు చాలామందికి జాకెట్లు లేవు. అది మహానది కాదు, ఊరి మధ్యనున్న సరస్సు.

నదులు వేరు, రుతువులు వేరు, రాష్ట్రాలు వేరు. అయినా మూడింటా కనిపించేది నిబంధనలను పక్కన పెట్టిన నిర్లక్ష్యమే. 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం పడవల నమోదు, తనిఖీ, బీమా, ప్రాణరక్షక సామగ్రి గురించి వివరంగా చెబుతుంది. చట్టం అవసరమే. కాని రేవు మెట్ల మీద నిలబడిన క్షణంలో మీ పక్కన చట్టం ఉండదు, మీ విచక్షణ మాత్రమే ఉంటుంది.

మునిగే మనిషి కేక వేయడు

సినిమాలలో మునిగే మనిషి చేతులు ఊపుతూ "రక్షించండి" అని అరుస్తాడు. వాస్తవంలో చాలాసార్లు అలా జరగదు. అరవడానికి ముందు శ్వాస కావాలి. మునుగుతున్నవారి నోరు నీటి మట్టానికి కిందకీ పైకీ కదులుతూ ఉంటుంది. పైకి వచ్చిన ఆ లిప్తకాలంలో గాలి పీల్చుకోవడానికే వ్యవధి చాలదు. చేతులు అప్రయత్నంగా పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతాయి, పైకి ఎత్తి ఊపడం సాధ్యపడదు. ఈ పెనుగులాట ఇరవై నుంచి అరవై సెకన్లలో ముగిసిపోవచ్చు. అందుకే పది అడుగుల దూరంలో ఉన్న తల్లిదండ్రులు కూడా గమనించలేకపోతారు.

ఆ తరువాత శరీరానికి ప్రాణవాయువు అందదు. నాలుగు నుంచి ఆరు నిమిషాలలో మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. రేవు నుంచి మరో పడవ బయలుదేరి రావడానికి పట్టే సమయాన్ని మీరే లెక్క వేసుకోండి. ఆసుపత్రి, అంబులెన్సు, నావంటి వైద్యుడు, అందరూ ఆ గడియ దాటిన తరువాతనే వస్తారు. ఆ గడియలో పనిచేసే మందు ఒక్కటే, మీ ఒంటి మీది జాకెట్.

దానికి అద్భుత శక్తి ఏమీ లేదు. సాధారణమైన పెద్ద మనిషి తల నీటిపైన నిలవడానికి అదనంగా కావలసినది మూడు నుంచి ఐదున్నర కిలోల బరువును తేల్చగల ఊతం మాత్రమే. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో అక్కడి విహార పడవల ప్రమాదాలలో మరణించినవారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు నీట మునిగి చనిపోయారు. అలా మునిగినవారిలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ ధరించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు మూడు లక్షల మంది నీట మునిగి మరణించారు. ఐదు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల మరణాలకు ఇది మూడవ ప్రధాన కారణం.

వినిపించే సాకులు, వాటికి సమాధానాలు

"నాకు ఈత వచ్చు." హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలకు శిక్షణ పొందే పిల్లలను చూడండి. వారు జాకెట్ బిగించుకొనే నీటిలోకి దిగుతారు. పడవ తిరగబడినప్పుడు తలకు దెబ్బ తగలవచ్చు, చీర గాని ప్యాంటు గాని కాళ్ళకు చుట్టుకోవచ్చు, భయంతో మరొకరు మీ మెడ పట్టుకోవచ్చు. బావిలో నేర్చిన ఈత అక్కడ అక్కరకు రాదు.

"ఇక్కడ లోతు తక్కువ." మనిషి మునగడానికి ముక్కు, నోరు మునిగితే చాలు. పైగా జలాశయాల అడుగున బురద ఉంటుంది, కాలు దిగబడుతుంది.

"ఫొటోలో బాగుండదు." దీనికి వైద్యశాస్త్రంలో సమాధానం లేదు. ఫొటో ఒడ్డున దిగండి.

"జాకెట్లు మురికిగా ఉన్నాయి." ఇది న్యాయమైన ఫిర్యాదే. కాని చర్మవ్యాధికి మందు ఉంది, మరణానికి లేదు. ఒంటినిండా దుస్తులు వేసుకొని పైన ధరించండి. శుభ్రమైనవి ఉంచమని నిర్వాహకులను గట్టిగా అడగండి.

చలి వేళ ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

నీరు గాలి కంటే సుమారు పాతిక రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగివేస్తుంది. హఠాత్తుగా చల్లని నీటిలో పడినవారు అప్రయత్నంగా ఒక్కసారి గట్టిగా శ్వాస పీలుస్తారు. ఆ సమయంలో తల నీటిలో ఉంటే మొదటి గుక్కలోనే నీరు లోపలికి పోతుంది. చలికి రక్తపోటు పెరుగుతుంది, గుండెపై భారం పడుతుంది. కనుక గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు పొగమంచు వేళ పడవ ఎక్కకండి. ఎండ వచ్చిన తరువాత వెళ్ళండి.

మూర్ఛవ్యాధి ఉన్నవారికి మునిగే ప్రమాదం ఇతరుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మందు ఒక్క పూట కూడా మానకండి, ఒంటరిగా కూర్చోకండి. ఇన్సులిన్ తీసుకొనేవారు ఖాళీ కడుపుతో ఎక్కకండి. ఇక మద్యం. చలికి ఒక గుక్క మంచిదన్న నమ్మకం మనవారిలో గట్టిగా ఉంది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి వెచ్చగా అనిపింపజేస్తుంది గాని, నిజానికి లోపలి వేడిని బయటకు పోగొడుతుంది. తూకం తప్పిస్తుంది, తెగింపు పెంచుతుంది. పడవలో ఈ రెండూ ప్రాణాంతకమే.

రేవులో ఐదు నిమిషాలు

టికెట్ కొనే ముందు ఈ సంగతులు చూడండి.

1. పడవ మీద దాని సామర్థ్యం వ్రాసి ఉందా? ఎక్కినవారి సంఖ్య అంతకు లోబడి ఉందా? పిల్లలను లెక్కలోకి తీసుకోకపోవడం మన రేవులలో పాత అలవాటు. పిల్లలూ మనుషులే.

2. అందరికీ సరిపడా జాకెట్లు ఉన్నాయా? అవి ఒంటి మీద ఉన్నాయా, బల్ల కింద మూటగా ఉన్నాయా? మూటలోని జాకెట్ ఎవరినీ కాపాడదు.

3. బకిళ్ళు, పట్టీలు పనిచేస్తున్నాయా? ధరించిన తరువాత భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది వదులుగా ఉన్నట్లు. పిల్లలకు పెద్దల జాకెట్ వేయకూడదు. వారి బరువుకు తగినది, కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉన్నది అడగండి.

4. గదులున్న పెద్ద బోటు అయితే బయటకు వెళ్ళే దారి ఎక్కడ ఉందో ముందే చూసుకోండి. పైకప్పు ఉన్న మూసిన గదిలోకి నీరు చేరితే జాకెట్ మనిషిని కప్పుకు అదిమి పెడుతుంది. పిల్లలతో, వృద్ధులతో ఉన్నవారు తలుపు దగ్గర గాని, తెరచి ఉన్న చోట గాని కూర్చోవడం మేలు.

5. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు చేరకండి. నిలబడకండి. బరువు ఒక వైపుకు, పై అంతస్తుకు చేరితే నిలకడగా ఉన్న పడవ కూడా ఒరుగుతుంది.

మంజీరా తీరాన ఉన్నవారికి మరో మాట. ఆ నీటిలో మొసళ్ళు ఉన్నాయి. జాలరుల పుట్టి అడిగి తీసుకొని వలస పక్షుల ఫొటోల కోసం లోపలికి వెళ్ళడం ఏమాత్రం తగదు. పక్షులను ఒడ్డు నుంచే చూడండి.

ప్రమాదం జరిగితే

ఈత శిక్షణ లేనివారు నీటిలోకి దూకకండి. ఒకరి కోసం దూకి ఇద్దరు, ముగ్గురు పోయిన కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. కర్ర, తాడు, ముడివేసిన చీర, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను, ఏది దొరికితే అది అందించండి.

ఒడ్డుకు తెచ్చిన తరువాత కడుపు నొక్కకండి. తలకిందులుగా పట్టుకొని తిప్పకండి. నీరు కక్కించాలన్న ఈ ఆత్రంలోనే విలువైన నిమిషాలు పోతాయి, కక్కినది ఊపిరితిత్తులలోకి జారుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస చూడండి. శ్వాస లేకుంటే తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటితో ఐదుసార్లు గాలి ఊదండి. తరువాత ఛాతీ మధ్యలో, పెద్దవారికి రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదండి. 108 వాహనం వచ్చేదాకా ఆపకండి. స్పృహ వచ్చినవారిని కూడా తడిబట్టలు తీసి, దుప్పటి కప్పి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఊపిరితిత్తుల పరిస్థితి కొన్ని గంటల తరువాత కూడా విషమించవచ్చు.

నిరాకరించే హక్కు మీది

నిర్వాహకులను, అధికారులను నిందించడం సులువు. నిందకు వారు అర్హులే కావచ్చు. కాని పడవలు నడిపేవారి వ్యాపారం మన డబ్బు మీద నడుస్తుంది. ఒక బస్సులో వచ్చిన నలభై మంది "జాకెట్లు ఇస్తేనే ఎక్కుతాం, లేకుంటే వెళ్ళిపోతాం" అని నిలబడితే మరుసటి వారానికి ఆ రేవులో జాకెట్లు వస్తాయి. ఏ తనిఖీ అధికారీ ఇంత వేగంగా మార్పు తేలేడు. పిల్లలను విహారయాత్రకు పంపే తల్లిదండ్రులారా, సమ్మతి పత్రం మీద సంతకం చేసే ముందు ఉపాధ్యాయులను ఈ ఒక్క ప్రశ్న అడగండి. ఉపాధ్యాయులారా, అడిగినవారిపై విసుగు పడకండి.

ఈ చలికాలంలో మీరు ఏ రేవుకు వెళ్ళినా, తిరిగి వచ్చి బంధుమిత్రులకు దాని గురించి చెప్పేటప్పుడు అందంతో పాటు ఈ మాట కూడా చెప్పండి: "అక్కడ జాకెట్ లేనిదే పడవ కదలదు." అలా చెప్పలేని రేవైతే, అక్కడికి వెళ్ళవద్దని చెప్పండి.