సందేహించుట నేర్పిన దర్శకుడు

మా ఆదోని పత్తి మార్కెట్టులో బోరెము పైపొరను మాత్రము చూచి ధర కట్టు వర్తకుడు లేడు. చేయి లోపలికి పోనిచ్చి, గుప్పెడు పత్తి పెరికి, పోగు లాగి చూచినగాని మాట యియ్యడు. ఈపాటి వివేకమును సినిమాల విషయమున మన విద్యావంతులు చూపకుండుట వింత! హత్య, అపరాధ పరిశోధన, ఉత్కంఠ యనగానే పిల్లలను చెడగొట్టు సరకని చూడకయే తీర్పు చెప్పుచున్నారు. నేనును అట్టివాడనే. తరగతిలో నొక బాలుని యొద్దనుండి డిటెక్టివు నవలను లాగికొని, ఒక పుటయైన చదువకయే వానిని మందలించితిని.

ఇట్టి తీర్పు వలన మరుగున పడినవారిలో యస్. బాలచందర్ ఒకరు. 1927లో మదరాసున జన్మించి, గురువు లేకయే వీణ నేర్చి, 1982లో పద్మభూషణ పురస్కార మందిన విద్వాంసునిగా ఆయనను మన మెరుగుదుము. దక్షిణదేశమున ఉత్కంఠచిత్రములకు త్రోవ తీసినవారిలో ఆయన ముఖ్యుడని యెంద రెరుగుదురు?

1954లో ఏ.వి.యం. సంస్థకై ఆయన తీసిన 'అంద నాళ్' అను తమిళ చిత్రమున పాట లేదు, నాట్యము లేదు. 1943లో జపానువారు మదరాసుపై బాంబులు వేసిన నాటి కథ యది. రాజన్ అను రేడియో ఇంజనీరు తన యింట హతుడగును. ఇంటివారును, పొరుగువాడును ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున సాక్ష్యము చెప్పుదురు. ఎవరి మాట విన్న వారిదే నిజమని తోచును. కురోసావా 1950లో తీసిన 'రషోమాన్' వలన ప్రేరితమైన పద్ధతి యిది. తుదకు తేలునదేమి? హతుడు శత్రువుల గూఢచారి. అతడు కూలినది దేశభక్తురాలైన భార్య చేతి తుపాకికి!

పాఠకులారా, ఇచ్చట ఒక్క నిమిషమాగుడు. భర్త ద్రోహి కావచ్చునని గాని, భర్తను మించిన ధర్మబుద్ధి భార్యకు కలదని గాని మనకు సులభముగ తట్టదు. ఏల తట్టదు? పతియే ప్రమాణమని పుట్టినది మొదలు వినుచుంటిమి గనుక. ఆ గ్రుడ్డినమ్మకమే దర్శకుని చేతి యుచ్చు. స్త్రీ స్వాతంత్ర్యముపై పది యుపన్యాసములు విని తల యూచి యింటికి పోవువాడు, ఈ చిత్రము చూచినచో తన మనస్సునే అనుమానింపవలసి వచ్చును. ఇది హత్యను మెచ్చుట కాదు. మన తీర్పులను మనమే విచారించుకొనుట.

జనులకు పాటలే కావలెనందురు. నిజమే, ఆ చిత్రము మొదట ఆడలేదు. కాని నేరమెవరిది? పాటలును గంతులును దేశమును చెడగొట్టుచున్నవని మొరపెట్టు పెద్దలు, అవి లేని చిత్రము వచ్చినపుడు టిక్కెట్టు కొనిరా? బాలచందర్ 1956లో మన భాషలోనే 'ఏది నిజం' తీసెను. 1964లో 'బొమ్మై', 1970లో 'నడు ఇరవిల్' తీసిన పిదప దర్శకత్వము విడిచి వీణకే అంకితుడై, 1990లో గతించెను. ఆ త్రోవన నడచుటకు మనము తోడు పోలేదు.

తల్లిదండ్రులారా, పిల్లలకు ఇట్టి చిత్రములను నిషేధింపకుడు. వారితో కూర్చుండి చూచి, సగమున నాపి, "ఎవరిని అనుమానించుచున్నావు? ఏల?" అని యడుగుడు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు వెదకుటయే విద్య. నేనును ఆ బాలుని నవలను చదివి, వానికి తిరిగి యిచ్చి, ఆ ప్రశ్ననే వేసితిని. వాడు చెప్పిన కారణము నాకు తట్టినదానికంటె మేలైనది.