పొట్లం మీది అక్షరం

భిలాయి ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహాన్ని పోత పోసే ముందు దాని నుంచి చిన్న నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. అందులో కర్బనం ఎంత, మాంగనీసు ఎంత, గంధకం ఎంత, భాస్వరం ఎంత అన్న లెక్క తేలవలసి ఉంటుంది. గంధకం మితిమీరితే ఉక్కు వేడిలో పగులుతుంది. భాస్వరం మితిమీరితే చలికి పెళుసెక్కుతుంది. దేశానికి రైలు పట్టాలు ఆ ఉక్కుతో తయారవుతాయి. లెక్కలేనన్ని ప్రాణాలు ఆ పట్టాలను నమ్ముకుని ప్రయాణం చేస్తాయి కనుక, నూటిలో ఒక పాలుకు పదో వంతు తేడా కూడా అక్కడ చిన్న విషయం కాదు.

అటువంటి లెక్కల నడుమ పని చేసే మనిషి డ్యూటీ దిగి సెక్టర్ 2లోని క్వార్టరుకు తిరిగి వస్తూ, పిల్లల కోసం ఒక బిస్కెట్ పొట్లం, ఒక పళ్లరసం డబ్బా కొంటాడు. వాటి వెనుక కూడా ఒక లెక్క అచ్చయి ఉంటుంది. అందులో ఏమేమి కలిసి ఉన్నవో, ఏది ఎంత ఉన్నదో చీమ తలకాయంత అక్షరాలలో ఉంటుంది. ఆయన దానిని చదవడు. చదవకపోవడం ఆయన తప్పని తీర్పు చెప్పడం సులభం. కాని పొట్లం ముందు పెద్ద అక్షరాలలో ఉన్న మాట, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న లెక్కతో పొసగుతున్నదా అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్నను హైదరాబాదులో ఒక పిల్లల వైద్యురాలు పట్టుకుని, సుమారు ఎనిమిది సంవత్సరాలు విడిచిపెట్టలేదు.

ఆమె డాక్టర్ శివరంజని సంతోష్. విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఓ.ఆర్.ఎస్. తాగించమని వైద్యులు చెబుతారు. తల్లిదండ్రులు మందుల దుకాణానికి వెళ్లి ఆ మూడక్షరాలు కనిపించిన డబ్బా కొని తెచ్చి తాగిస్తారు. అయినా కొందరు పిల్లలకు జబ్బు తగ్గకపోగా మరింత ముదురుతున్నది. ఏమి తాగించారని ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. ఆ డబ్బాల మీద ఉన్నది ఓ.ఆర్.ఎస్. అన్న పేరు; లోపల ఉన్నది పండ్ల రుచి కలిపిన తీపి పానీయం.

ఈ తేడా ఎంతటిదో తెలియాలంటే ఓ.ఆర్.ఎస్. కథ కొంత తెలియాలి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు బెంగాల్ సరిహద్దు దాటి వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరాలలోకి ఎక్కించే సెలైన్ సీసాలు నిండుకున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ కొలత ప్రకారం నీటిలో కలిపి, రోగుల బంధువుల చేతనే నోటి ద్వారా తాగించారు. శిబిరంలో నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపునకు దిగిపోయాయి. ఈ శతాబ్దంలో వైద్యరంగం సాధించిన అతి ముఖ్యమైన ప్రగతి బహుశా ఇదేనని 1978లో లాన్సెట్ పత్రిక ప్రశంసించింది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ లభించింది.

ఈ మందు మహిమ అంతా కొలతలో ఉన్నది. పేగు గోడలలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి ప్రవేశించే ద్వారాలు ఉన్నాయి. అవి రెండూ తగుపాళ్లలో వచ్చినప్పుడు నీరు వాటి వెంట శరీరంలోకి పోతుంది. తీపి మితిమీరితే కథ అడ్డం తిరుగుతుంది. చిక్కని చక్కెర నీరు పేగులో చేరి, శరీరంలోని నీటినే తన వైపు లాగుతుంది. విరేచనాలు ఎక్కువ అవుతాయి. అందుకే మొదట లీటరుకు 20 గ్రాములు ఉన్న గ్లూకోజ్‌ను సైతం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో 13.5 గ్రాములకు తగ్గించింది. దానితో పాటు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. అన్నీ కలిపి లీటరు నీటికి ఇరవైన్నర గ్రాములు.

ఇక డబ్బాలలోని పానీయం మాట. వాటిలో లీటరుకు 120 గ్రాముల వరకు చక్కెర ఉన్నదని శివరంజని ఎత్తి చూపారు. అంటే ఉండవలసిన దానికి దాదాపు తొమ్మిది రెట్లు. రెండు వందల మిల్లీలీటర్ల డబ్బాను లెక్కకు తీసుకుంటే, అసలైన ఓ.ఆర్.ఎస్.లో మూడు గ్రాములకు లోపు తీపి ఉంటుంది. ఈ డబ్బాలో ఇరవై నాలుగు గ్రాములు, సుమారు అయిదు చెంచాల చక్కెర. ఆరోగ్యవంతుడైన మనిషి తాగినా మంచిది కాని పానీయం, నీరు కోల్పోయి కళ్లు లోతుకు పోయిన పసివాడికి మందు పేరుతో అందుతున్నదన్న మాట.

ఆమె అధికారులకు ఉత్తరాలు రాశారు. వీడియోల ద్వారా తల్లులకు నచ్చజెప్పారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఈ పేరు వాడరాదన్నది. జూలైలో తన మాటను తానే సడలించి, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓ.ఆర్.ఎస్. కాదన్న హెచ్చరిక అచ్చు వేస్తే పేరు ఉంచుకోవచ్చునన్నది. ముందు పెద్ద అక్షరాలలో అవునని, మూల చిన్న అక్షరాలలో కాదని చెప్పే వింత ఏర్పాటు అది. ఏడ్చే బిడ్డను చంకన వేసుకుని దుకాణం ముందు నిలబడిన తల్లి కంటికి ఏ అక్షరం ఆనుతుందో వేరే చెప్పనక్కరలేదు.

చివరకు 2025 అక్టోబర్ 14న ఆ సంస్థ తన పాత అనుమతులను ఉపసంహరించుకున్నది. పేరుకు ముందు గాని వెనుక గాని ఏ మాట తగిలించినా, నియమిత సూత్రం ప్రకారం తయారు కాని పానీయం మీద ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలు ఉండరాదని ఆదేశించింది. తయారీదారులు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. ఒకరికి కొద్ది రోజులు తాత్కాలిక ఊరట దొరికినా, నెలాఖరున మరొక సంస్థ వేసిన పిటిషన్‌పై న్యాయస్థానం ప్రజారోగ్యం దృష్ట్యా జోక్యానికి నిరాకరించింది. ఆదేశం వెలువడిన నాడు శివరంజని కన్నీళ్లు పెట్టుకుంటూ ఆ వార్త ప్రజలతో పంచుకున్నారు.

ఇటువంటి సందర్భాలలో తరచు వినిపించే వాదం ఒకటి ఉన్నది. తినేవాడి ఇష్టం వాడిది, కొనమని ఎవరూ బలవంతం చేయలేదు కదా అన్నదే ఆ వాదం. ఇందులో సబబు లేకపోలేదు. ఎవరి కంచంలో ఏముండాలో ప్రభుత్వం నిర్ణయించడం ఎవరికీ రుచించదు. పండుగనాడు జిలేబి తినే మనిషికి అది తీపి అని తెలుసు, తెలిసి తింటాడు. అది ఎంపిక. మందు అనుకుని తీపినీళ్లు కొన్న తల్లి చేసినది ఎంపిక కాదు. ఆమె ఎంచుకున్నది ఒకటి, ఆమె చేతికి వచ్చినది మరొకటి. నిజం తెలియని చోట స్వేచ్ఛ అనే మాటకు విలువ లేదు. కనుక పొట్లం మీద నిజం రాయించడం వ్యక్తి స్వేచ్ఛకు అడ్డు కాదు, దానికి పునాది.

ప్రభుత్వం పూనుకుంటే ఏమి జరుగుతుందో వనస్పతి చరిత్ర చెబుతుంది. నూనెను గట్టిపరిచే క్రమంలో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటు. కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. దానిని ఇంటింటా వేరుచేసి చూసుకోవడం ఏ గృహిణికీ సాధ్యం కాదు. మన దేశంలో ఈ పరిమితి మొదట నూటికి పది, తరువాత అయిదు, 2021లో మూడు, 2022 జనవరి నుంచి రెండుగా దిగివచ్చింది. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా, లేబుల్ చదవడం రాని మనిషికి కూడా రక్షణ పెరిగింది.

అయినా చట్టం చేయలేని పని ఇంట్లో మిగిలే ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన పదిహేడు ఆహార సూత్రాలలో పొట్లం మీది వివరాలు చదివి కొనమన్నది ఒకటి. చదివే పద్ధతి కష్టమైనది కాదు. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుందో అదే ముందు రావాలన్నది నియమం. మొదటి మూడు పేర్లలో చక్కెర, మైదా, పామోలిన్ కనిపిస్తే, బొమ్మలో ఎన్ని పండ్లు, ఎన్ని గోధుమ కంకులు ఉన్నా ఆ పొట్లం సంగతి తేలిపోయినట్లే. చక్కెర తన పేరుతోనే రావాలని లేదు. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, ఫ్రక్టోజ్ అన్న మారువేషాలు ఉన్నాయి. నూరు గ్రాములకు ఎంత అన్న గడిలో అదనంగా కలిపిన చక్కెర అంకె చూడాలి. పెద్దలకు రోజుకు పాతిక గ్రాముల లోపుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పిల్లలకు ఈ లెక్క బడిలోనే నేర్పడానికి, ఏ పానీయంలో ఎంత చక్కెర ఉన్నదో తెలిపే పలకలు పెట్టమని 2025 మే నెలలో సి.బి.ఎస్.ఇ. తన పాఠశాలలన్నిటికీ సూచించింది.

భిలాయి వంటి ఊళ్లలో ఇందుకు మరొక చిక్కు తోడవుతుంది. 1959లో తొలి కొలిమి వెలిగిన నాటి నుంచి ఆంధ్రదేశపు కుటుంబాలెన్నో ఇక్కడికి తరలివచ్చి సెక్టర్లలో స్థిరపడ్డాయి. ఇంటిలో అవ్వకు తెలుగు అక్షరాలే తెలుసు. మనుమడు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదివేది హిందీ, ఇంగ్లీషు. పొట్లం మీది వివరాలు ఇంగ్లీషులో గాని దేవనాగరి లిపిలో గాని ఉంటే చాలునని చట్టం. ఏది తినాలో తెలిసిన అవ్వకు పొట్లం చదవడం రాదు. పొట్లం చదవగల మనుమడికి ఏది తినాలో తెలియదు.

ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం కంటె మంచి ఉపాయం లేదు. వడగాడ్పులు వీచే వేసవిలో ఛత్తీస్‌గఢ్ శ్రామికుడు అన్నం నీళ్లలో నానబెట్టి, ఉప్పు వేసుకుని, ఉల్లిపాయ నంజుకుని తిని పనికి బయలుదేరుతాడు. దానిని ఇక్కడ బోరె బాసీ అంటారు. 2022 మేడే నాడు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి పిలుపు మీద ఎందరో దానిని తిని శ్రమకు గౌరవం చూపారు. తెలుగు అవ్వకు అది కొత్త వంట కాదు. ఆమె చిన్ననాట తిన్న చద్దన్నమే. మనుమడు డబ్బా తిప్పి లెక్క చదివి వినిపించాలి. అది విని అవ్వ, ఇంత తీపి ఎందుకురా, మజ్జిగలో ఉప్పు వేసి ఇస్తాను తాగు అనాలి. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే మాత్రం మజ్జిగతో సరిపెట్టక, నియమిత సూత్రం అని స్పష్టంగా రాసి ఉన్న ఓ.ఆర్.ఎస్. పొట్లం తెచ్చి, దాని మీద చెప్పినంత నీటిలోనే కలిపి తాగించాలి. నీరసం ముదిరితే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

పట్టాలు పగలకుండా ఉండాలని పోతకు ముందే ఉక్కును పరీక్షించే ఊరు అది. బిడ్డ నోటికి అందించే ముందు డబ్బాను ఒకసారి వెనుకకు తిప్పి చూడడం ఆ ఊరికి కొత్త విద్య కాదు. చేతిలో ఉన్న అలవాటునే కర్మాగారం గేటు దాటించి ఇంటికి తెచ్చుకుంటే చాలును.